తిరుగుదారిలో ఒక అంకె

సరిగ్గా పన్నెండు గంటలకు, కొండ మీది చర్చి గంట ఇంకా మోగుతుండగానే, యాకుమిస్ తీగ పీకాడు. పీకాక దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. చంకలో నిద్రపోయిన పసిపిల్లను ఎక్కడ పడుకోబెట్టాలో తెలియని మగవాడిలా కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, చివరికి రౌటరు పెట్టె పక్కన మెల్లగా దించాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా టెలిఫోన్ స్తంభాలెక్కి తెగిన తీగలను కలపడమే అతని పని. బాగా ఉన్న తీగను చేజేతులా పీకడం ఇదే మొదలు. మొన్న ఆదివారం ఈ మాటే అంటే కల్లిరోయి నవ్వింది. "పీకితేనే కదా నాన్నా, రెండోది లేస్తుందో లేదో తెలిసేది!" నాలుగేళ్ళలో కూతురు తన ముఖం చూస్తూ నవ్వడం అదే మొదటిసారి. అందుకేనేమో, ఆమె చెప్పిన పాఠం కంటే ఆ నవ్వే ఎక్కువ గుర్తుంది. పాఠం మాత్రం నోటుబుక్కులో ఉంది, ఆమె రాతలో, ఏడు పేజీలు.

ఫనారి దీవికంతా ఈ ఆరోగ్య కేంద్రం ఒక్కటే. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒకే ఒక్క ఫోను. పైకప్పు మీది గిన్నె యాంటెన్నా సముద్రం అవతల పెద్ద దీవిలోని జిల్లా ఆసుపత్రితో మాట్లాడుతుంది, గుండె గీతలు అటు పంపుతుంది, పెద్ద డాక్టర్ల సలహా ఇటు తెస్తుంది. పోయిన చలికాలం దక్షిణపు గాలి ఆ గిన్నెను వంకర చేసి పారేసింది. తొమ్మిది రోజుల పాటు డాక్టర్ ఫివోస్ ఒక్కో గుండె గీతను ఫోనులో నోటితోనే వర్ణించాడట, 'ఇక్కడ లేచిందండీ, ఇక్కడ పడిందండీ, ఇదిగో ఇక్కడ కాస్త వణికింది' అంటూ. అందుకని ఈ నవంబరులో, గాలులు ముదరకముందే, రెండో దారి. ఇందాక పీకింది ఆ గిన్నె తీగే. గిన్నె పడిపోతే రౌటరు తనంతట తానే ఫోను తిప్పి ఆసుపత్రిని పిలవాలి. ఆ పని చేసేది ఈ మోడెం, అరచేతిలో పట్టే నల్ల డబ్బా. రెండు దారులూ చేత్తో రాయాల్సిందే, వాటంతట అవి పుట్టవు. మొదటి దారికి బరువు ఒకటి అని రాశాడు, రెండోదానికి రెండువందలు. తేలిక దారి బతికున్నంతసేపు బరువు దారి కంటికి కనపడదు, అదెప్పుడు పోతుందా అని లోపల కాచుకుని ఉంటుంది. "ముసలి గాడిదకి కొత్త నడక నేర్పుతున్నావే నువ్వు," అంది ఆ ఆదివారం అతని భార్య అనేజా కూతురితో, వంటింటి బల్ల మీద పుస్తకాలు జరిపి చేపల గిన్నె దించుతూ. "నేర్చుకుంటోందమ్మా, తన్నకుండా," అంది కూతురు. తండ్రి తల ఎత్తలేదు. ఎత్తితే కళ్ళలో నీళ్ళు చూస్తారని.

ఇంకా ఏమీ కాలేదు. గోడ గడియారంలో ముల్లు నలభై సెకన్లు నడిచింది. అటు ఆసుపత్రిలో కల్లిరోయి తెర ముందు కూర్చుని ఉంటుంది, ఆమె కుర్చీ వెనక సెక్షన్ అధికారి మవ్రిస్ నిలబడి ఉంటాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. మొన్న రేవులో ఆయన అన్న మాట చెవిలో ముల్లులా ఉంది. "ఒక చివర తండ్రి, ఇంకో చివర కూతురు. నాకు కావలసింది పరీక్ష, పెళ్ళిభోజనం కాదు. పన్నెండు నుంచి ఒంటిగంట. మధ్యలో ఫోన్లు చేసుకోవడం, ఒకరికొకరు అందించుకోవడం వద్దు. పనిచేస్తే సరే, లేదంటే వచ్చే నెల మళ్ళీ." వచ్చే నెలకైతే ఆమె ఆరునెలల ప్రొబేషన్ అయిపోతుంది, ఆ కాగితం మీద ఏం రాయాలో ఆయన చేతిలో ఉంది. అయినా ఫోను చేసుకోవడం ఎలాగూ కుదరదు కదా అనుకున్నాడు యాకుమిస్. ఉన్న ఒక్క లైనూ మోడెం నోట్లోనే ఉంది. సెల్‌ఫోను ఈ దీవిలో కొండ నెత్తిన తప్ప పలకదు. ఈ గంటసేపూ మాట్లాడుకోవలసింది పెట్టెలే. తాము కాదు.

మోడెం టిక్కుమంది. అంకెలు తిరిగాయి, అవతల గంట మోగింది, ఎవరో ఎత్తారు, ఆ వెంటనే ఆ కీచుమనే కూత, రెండు పిట్టలు ఒకదాన్నొకటి గుర్తుపట్టేదాకా అరుచుకున్నట్టు. నర్సు అర్గిరో పక్క గదిలోంచి, "అమ్మో, ఎవరి గొంతు పిసుకుతున్నారండీ అక్కడ!" అని అరిచింది. యాకుమిస్‌కి మాత్రం ఆ కూత చెవికి ఇంపుగానే ఉంది. లైను మీద ఏడుపు వినడం అతనికి కొత్త కాదు. ఇరవై ఆరేళ్ళ కిందట, ఏప్రిల్ నెలలో, వేరే దీవిలో స్తంభం మీద నడుముకు పట్టీ కట్టుకుని వేలాడుతున్నాడు, గాలి చొక్కాలో దూరి పొట్ట ఉబ్బిస్తోంది, టెస్టు ఫోను తీగకు తగిలించి లైను చూస్తుంటే ఎక్స్చేంజిలో ఉండే ఫ్రోసో గొంతు వచ్చింది. "ఒరేయ్ యాకుమీ, దిగకు, గట్టిగా పట్టుకో, ఒకటి వినిపిస్తా." తరువాత గరగర, ఆ తరువాత ఒక సన్నని కోపపు ఏడుపు. మంత్రసాని ఫోనును అప్పుడే పుట్టిన కల్లిరోయి నోటి దగ్గర పెట్టిందట. పదకొండు మైళ్ళ రాగి తీగ గుండా, సముద్రం కింద నుంచి, తడిసి, నలిగి వచ్చిన ఏడుపు. ముఖం చూడకముందే గొంతు విన్నాడు. స్తంభం దిగాక కాళ్ళు నిలవక రాళ్ళ మీద కూలబడితే, అటు వెళ్తున్న మేకలకాపరి 'కరెంటు కొట్టిందా' అని అడిగాడు.

పచ్చదీపం వెలిగింది. యాకుమిస్ రెండు వేళ్ళతో, పప్పులో రాళ్ళు ఏరినట్టు, ఒక్కో అక్షరం ఏరి కొట్టాడు. ముందు ఈ రౌటరు నుంచి ఆ రౌటరును పిలవాలి. 'ఉన్నావా' అని ఐదుసార్లు అడిగింది పెట్టె, ఐదుసార్లూ 'ఉన్నాను' అంది అవతలిది. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇప్పుడు అసలుది. డాక్టరు బల్ల మీది కంప్యూటరు నుంచి ఆసుపత్రి కంప్యూటరును పిలవాలి. పిలిచాడు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాడు. జవాబు రాలేదు, జవాబు రాలేదు, జవాబు రాలేదు, జవాబు రాలేదు అని నాలుగు వరుసలు పడ్డాయి తెర మీద. గుమ్మం దాకా పోయిన మాట ఇంట్లోకి పోవడం లేదు. చెవులు వేడెక్కాయి. తప్పు నాదే, ఇంకెవరిది, ముసలి గాడిదది. నోటుబుక్కు తెరిచాడు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి ఒక్కో వరుసా తెరతో సరిచూశాడు. దారి రాశానా, రాశాను. బరువు రాశానా, రెండువందలు. ఫోను నంబరు సరే. మూడో పేజీ చివర ఆమె ఎర్రసిరాతో గీత గీసి రాసిన మాట ఉంది: 'పోయే దారి నువ్వు రాస్తే చాలదు నాన్నా. వచ్చే దారి అవతల నేను రాయాలి. లేదంటే నీ మాట నాకు చేరుతుంది, నా జవాబు నీకు చేరదు.'

వేలు అక్కడే ఆగింది.

చూడటం తప్పు కాదు. చూడటానికి సరిపడే పాస్‌వర్డ్ అతనికి ఇచ్చారు, ఇటు నుంచి ఎక్కేవాళ్ళందరికీ ఇస్తారు. ఫోను దారి గుండానే అవతలి రౌటరులోకి వెళ్ళాడు, దారుల జాబితా తెరిచాడు. మెల్లగా, ఒక్కో వరుసా, కొళాయి బొట్టు పడ్డట్టు దిగింది. ఫనారి పేరు మీద ఉండవలసిన నంబరు పద్నాలుగు. జాబితాలో పద్నాలుగు లేదు. కింద, ఫోను దారికి ఎదురుగా, నలభై ఒకటి ఉంది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. ఒకటీ నాలుగూ చోట్లు మారాయి. ఏ దీవికీ చెందని నలభై ఒకటికి దారి రాసి పెట్టి ఉంది, ఆసుపత్రి జవాబులన్నీ దిక్కు తెలియక అక్కడే నిలిచిపోతున్నాయి. చిన్నప్పుడు కూడా కల్లిరోయి ఇంతే, కంగారు పుడితే అంకెలు తిరగేసేది. పద్దెనిమిదిని ఎనభై ఒకటి అని రాసి పంతులమ్మ చేత చీవాట్లు తిని వచ్చి, మేక మెడ పట్టుకుని ఏడ్చేది. బెబేకా ఆ మేక పేరు. యాకుమిస్ కుర్చీని కాస్త వెనక్కి జరిపాడు. ఎందుకంటే మార్చడానికి కావలసిన రెండో పాస్‌వర్డ్, ఎవరికీ ఇవ్వనిది, ఆ మేక పేరే. ఆమె చెప్పలేదు. వంటింటి బల్ల మీద పాఠం చెబుతూ చెబుతూ ఒకసారి కొట్టింది. చూడకూడదని తల తిప్పుకునేలోపే వేళ్ళు చూశాడు. వేళ్ళు చూసి మాట చదవడం ఎక్స్చేంజి మనుషులకు పాత అలవాటు.

ఒక్క వరుస చెరిపి ఒక్క వరుస రాయాలి. అర నిమిషం పని. ఎవరికీ తెలియదు. మవ్రిస్‌కి తెలియదు, ఆమెకే తెలియదు, 'పనిచేసింది' అని లేచి నిలబడుతుంది, కాగితం మీద మంచిమాట పడుతుంది. లేదా మోడెం లైను పీకి ఫోను చేసి, 'అమ్మా, నలభై ఒకటి కాదు, పద్నాలుగు' అనొచ్చు. అప్పుడు అవతల ఫోను ఎత్తేది మవ్రిస్. వేళ్ళు మీటల మీదకు వెళ్ళాయి. బె అనే మొదటి అక్షరం దగ్గర ఆగాయి.

అప్పుడూ ఇలాగే అనుకున్నాడు కదా, ఎవరికీ తెలియదని. నాలుగేళ్ళ కిందట ఆమె చదువు ముగించి రాజధానిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని పరీక్ష రాసింది, అక్కడ పైఅధికారి ఒకప్పుడు తనతో కలిసి స్తంభాలెక్కినవాడు. ఒక్క ఫోను. 'మా పిల్ల పేరుంది, కాస్త చూడరా.' అంతే కదా, ఏ తండ్రి చేయడు, దేశంలో అందరూ చేసేదే. ఉద్యోగం వచ్చింది. ఇంట్లో చేసిన కమలాపండు మిఠాయి పంచింది అనేజా. రెండోరోజు భోజనాల దగ్గర ఆ మిత్రుడే నవ్వుతూ అన్నాడట, మీ నాన్న మాట తీసేయలేకపోయానమ్మా అని. మూడోరోజు ఉద్యోగం మానేసింది. ఇంటికి వచ్చి అరవలేదు. అరిస్తే బాగుండేది. పెట్టె సర్దుకుంటూ, చొక్కాల మడత మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా అడిగింది. "నేను రాసిన పరీక్షలో నాకెన్ని మార్కులొచ్చాయో ఇక నాకెప్పటికీ తెలియదు కదా నాన్నా? బాగా రాశాననే అనుకున్నాను. అది నా దగ్గర్నుంచి ఎందుకు తీసేసుకున్నావ్?" ఉత్తరాన థెస్సలోనికిలో రెండేళ్ళు ఉంది. ఇంటికి ఫోను చేసినప్పుడు తండ్రి ఎత్తితే, "అమ్మని పిలవండి" అనేది. పిలవండి! కన్నకూతురు నోట అండీ వింటే, రిసీవరు చేతిలో గడ్డకట్టినట్టుండేది. అనేజాకు అందించి పెరట్లోకి వెళ్ళి, అక్కరలేకపోయినా ద్రాక్షతీగ కత్తిరిస్తూ నిలబడేవాడు. ఆ ఏడాది పాపం తీగ ఒక్క గుత్తీ వేయలేదు. ఇప్పటి ఈ ఆసుపత్రి ఉద్యోగం ఆమె తనంతట తాను సంపాదించుకుంది, యాకుమిస్ వేలు కూడా కదపలేదు, ఆ సంగతి ఆమెకు తెలుసా? ఒకటికి పదిసార్లు చెప్పాలనిపించింది. 'నేనెవరికీ చెప్పలేదమ్మా' అని చెప్పడం కూడా ఒక రకంగా చెప్పుకోవడమే అవుతుందని ఊరుకున్నాడు.

చేతులు మీటల మీది నుంచి తీసి తొడల కింద పెట్టుకున్నాడు, బడిపిల్లాడిలా. పన్నెండూ ఇరవై ఎనిమిది.

తలుపు తోసుకుని ముసలమ్మ వచ్చింది, నల్లబట్టలు, చేతిలో గుడ్డకట్టిన గిన్నె. కప్పారిస్ మొగ్గల ఊరగాయ అమ్ముకునే కత్తీగో అవ్వ, ఈ ఊరివాళ్ళందరికీ ఫోనంటే ఈ గదే. "నాయనా, మావాడికి ఫోను చెయ్యాలి. పడవ మీద వస్తున్నాడో లేదో తెలియక శనగలు నానబెట్టాలా వద్దా అని చస్తున్నా."

"లైను ఖాళీ లేదవ్వా. ఒంటిగంటకి."

"ఎవరూ మాట్లాడ్డం లేదుగా?"

"పెట్టెలు మాట్లాడుకుంటున్నాయి."

అవ్వ పెట్టెలను ఎగాదిగా చూసింది. "మనుషుల కంటే ముందా ఇవి?" అని గొణిగి, వెళ్ళిపోకుండా బల్ల అంచున కూర్చుంది. ఆమె వెనకే డాక్టర్ ఫివోస్ తల పెట్టాడు. గడ్డం సరిగా మొలవని పల్లెసేవ డాక్టరు. "యాకుమిస్ గారూ, ఏమైనా పలికిందా?" లేదన్నాడు. "తప్పెక్కడో తెలిసిందా మరి?" "తెలిసింది," అన్నాడు. "అయితే సరిచెయ్యండి!" "నాది కాదు డాక్టరుగారూ, సరిచెయ్యడానికి." డాక్టరుకు అర్థం కాలేదు. "రోగం తెలిసి మందు ఇవ్వకపోతే మావాళ్ళు పట్టా లాక్కుంటారండీ," అని నవ్వి, లోపల ఎవరో దగ్గుతుంటే అటు వెళ్ళాడు. ఆ మాట మేకులా దిగింది. నిజమే కదా, ఇది ప్రేమా, మొండితనమా? ఆమె ఓడిపోతే? రేపు ఆ కాగితం మీద చెడ్డమాట పడితే, నేను చూస్తూ కూర్చున్నానని చెప్పగలనా? ఆమె కింద పడుతుంటే చెయ్యి అందించని తండ్రి ఉంటాడా? కానీ ఈత నేర్పింది తానే. రేవు రాళ్ళ దగ్గర, ఆరేళ్ళ పిల్ల, పొట్ట కింద అరచెయ్యి పెట్టి తేలించి, చెయ్యి కాస్త కాస్త కిందికి దించాడు. "వదలొద్దు నాన్నా, వదిలావా?" "లేదు లేదు, ఉంది." లేదు. అప్పటికే లేదు. నీళ్ళ అడుగున అరచెయ్యి అలాగే ఉంది గాని ఒంటికి తగలడం లేదు. తగలకుండా ఉంచడం ఎంత బరువో ఆరోజే తెలిసింది, భుజం లాగేసింది.

జాబితా మళ్ళీ తెప్పించాడు. నలభై ఒకటి. పన్నెండూ ముప్ఫై నాలుగు. మళ్ళీ. నలభై ఒకటి. అటు ఆమె ఏం చేస్తూ ఉంటుంది? పెదవి లోపలి వైపు కొరుకుతూ ఉంటుంది. మవ్రిస్ గడియారం చూసుకుంటూ ఉంటాడు. ఆమె ముందు ఫోను నంబరు చూస్తుంది, అది సరే. దీపాలు చూస్తుంది, సరే. అప్పుడు అనుమానం తండ్రి మీదకు పోతుంది, పోనీ, పోవాలి, ముసలాయన ఎక్కడో తప్పు కొట్టాడు అనుకుంటుంది, అనుకో తల్లీ, నా మీద ఎంతసేపైనా అనుకో, కానీ తరువాత నీది కూడా ఒకసారి చూసుకో. దేవుడా, ఒక్కసారి కిందికి చూడమను. మళ్ళీ తెప్పించాడు. నలభై ఒకటి. పన్నెండూ నలభై ఒకటి కూడా అయింది, గడియారం వెక్కిరించినట్టు. అవ్వ మూలుగుతోంది, శనగలు, పడవ, కొడుకు. గాలి కిటికీ రెక్కను ఒక్కసారి కొట్టింది. తొడల కింద చేతులు తిమ్మిరెక్కాయి. ఒక చెయ్యి తీసి మీట నొక్కాడు, అదే చెయ్యి మళ్ళీ తొడ కింద పెట్టాడు. నలభై ఒకటి. పన్నెండూ నలభై తొమ్మిది. నలభై ఒకటి. మరో పదకొండు నిమిషాల్లో తీగ మళ్ళీ పెట్టేయాలి, ఆ తరువాత అన్నీ మామూలే, ఒక్క కాగితం తప్ప. వేళ్ళ చివర మేక పేరు దురద పెడుతోంది. మూడే మూడు అక్షరాలు. నొక్కాడు, కానీ మేక పేరు కాదు, మళ్ళీ జాబితాయే.

నలభై ఒకటి లేదు.

ఆ వరుస ఉన్న చోట ఏమీ లేదు, కింది వరుస పైకి జరిగింది. తన లైను పోయిందా, తెర తప్పు చూపిస్తోందా? ఇంకొకసారి. లేదు. ఇంకొకసారి. పద్నాలుగు. ఇంతసేపూ లేని వరుస, తన కళ్ళ ముందు, బొట్టు బొట్టుగా దిగింది, ఒకటి ముందు, నాలుగు వెనక. ఆ ఒకటిని, ఆ నాలుగును ఆమె వేళ్ళు ఇప్పుడే, ఈ నిమిషంలోనే, అవతల నొక్కాయి. ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంగా ఆమె పని చేయడం అతనెప్పుడూ చూడలేదు. డాక్టరు బల్ల దగ్గరికి పరుగెత్తాడు, మోకాలు కుర్చీకి తగిలింది, పిలిచాడు. జవాబు వచ్చింది. జవాబు వచ్చింది. జవాబు వచ్చింది. జవాబు వచ్చింది. "డాక్టరుగారూ!" అని అరిచాడు, ఫివోస్ పరుగున వచ్చి పొద్దుటి గుండె గీత ఒకటి అటు పంపించాడు, ఫోను దారి సన్నం కాబట్టి అది నత్తలా పోయింది గాని పోయింది, చేరిందన్న మాట కూడా తిరిగి వచ్చింది. పన్నెండూ యాభై ఎనిమిది. అర్గిరో వచ్చి, "ఏడుస్తున్నారేంటండీ, పనిచేసిందన్నారుగా?" అంది. "చెమట," అన్నాడు యాకుమిస్.

ఒంటిగంటకు తీగ మళ్ళీ పెట్టాడు. తేలిక దారి లేచింది, బరువు దారి లోపలికి తప్పుకుంది, ఇంకో మూడు నిమిషాలు ఊరికే వేచి చూసి మోడెం లైను వదిలేసింది. వదిలిన మరుక్షణం ఫోను మోగింది.

"నాన్నా." వెనక ఎవరో మాట్లాడుతున్నారు, మవ్రిస్ గొంతు. ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టకుండానే అటు చెప్పింది, "లేదు సార్, అటువైపు తప్పేం లేదు. వచ్చే దారిలో నేనే అంకెలు తిరగేశాను. ఆలస్యమైంది, కానీ నేనే పట్టుకున్నాను." మవ్రిస్ ఏదో అన్నాడు, కటువుగా లేదు. తరువాత గొంతు తగ్గించి, "నాన్నా, నువ్వు ఇటు జాబితా చూస్తూ కూర్చున్నావు కదూ? ఎవరు ఎక్కారో ఇక్కడ కనిపిస్తుంది."

"చూశాను."

"ఎప్పట్నుంచి?"

"పన్నెండున్నరకి ముందు నుంచి."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"బెబేకా పేరు నువ్వు చూశావని నాకు తెలుసు," అంది కల్లిరోయి. "ఆ ఆదివారమే తెలుసు. మార్చేద్దామనుకుని, మార్చలేదు." గొంతు ఇంకా తగ్గించింది. "అరగంటా నాన్నా? అరగంట ఎలా ఊరుకున్నావ్?"

చెప్పాలని నోరు తెరిచాడు. మాట రాలేదు, నాలుగేళ్ళ కిందట రాలేదు, ఇప్పుడూ రాలేదు, కానీ ఈసారి ఆమె పెట్టె సర్దుకోవడం లేదు, రిసీవరు పట్టుకుని ఆగి ఉంది. ఇద్దరూ అలాగే ఆగి ఉండగా కత్తీగో అవ్వకు ఓపిక చచ్చింది. "ఒంటిగంట అయిందా లేదా! ఇలా ఇవ్వు," అని అతని చేతిలోంచి రిసీవరు లాక్కుని చెవికి ఆనించి, "ఒరేయ్ నికిఫోరూ! వస్తున్నావా లేదా?" అని కేకేసింది. ఆ తరువాత నొసలు ముడిచి, "ఎవరమ్మాయ్ నువ్వు? ఎవరి పిల్లవి?" అంది.

రిసీవరు అవ్వ చెవికి కాస్త ఎడంగానే ఉంది. అందులోంచి సన్నగా, నవ్వుతో తడిసి వచ్చిన జవాబు యాకుమిస్‌కి బాగానే వినపడింది.

"నీ ఎదురుగా నిలబడ్డాయన పిల్లనే అవ్వా. ఆయన్ని ఒకసారి కుర్చీలో కూర్చోబెట్టు."